తెలంగాణ శకుంతల గొంతుకు తగిన కథ ఎవరు రాయాలి?

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా పన్నెండు రోజులకు, జూన్ 14న, హైదరాబాద్ శివారు కొంపల్లిలో తెలంగాణ శకుంతల గుండెపోటుతో కన్నుమూశారు. అంతకు అయిదు రోజుల ముందే ఆమెకు 63 ఏళ్లు నిండాయి. రాష్ట్రం రాకముందే ఆ పేరును ఇంటిపేరులా మోసిన నటి, వచ్చిన రాష్ట్రంలో రెండు వారాలైనా ఉండలేదు. ఇవాళ ఆమె పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఉరిమే గొంతు, ఎదుటివాణ్ని ఉన్నచోటే నిలబెట్టే చూపు. ఆ వెంటనే వచ్చే మాట 'లేడీ విలన్'. అంతటితో ఆమె కథ ముగిసిపోయినట్టు మాట్లాడతాం. నేను ఒప్పుకోను. శకుంతల తెలుగు తెరకు దొరికిన గొప్ప గొంతుల్లో ఒకరు. దబాయింపు, వెటకారం, కడుపుతీపి, కక్ష అన్నీ ఒకే ఊపిరిలో పలికించగలిగిన నటి. అలాంటి మనిషికి మూడు దశాబ్దాలకు పైగా మన సినిమా ఇచ్చిన పాత్రలు ఎంత ఇరుకైనవో చూస్తే, లోపం ఎక్కడుందో తెలుస్తుంది. కథ రాసేవాళ్ల దగ్గర, డబ్బు పెట్టేవాళ్ల దగ్గర ఉంది. వరంగల్, ములుగు పల్లెల్లో పిల్లలు సెల్‌ఫోన్లతోనే సినిమాలు తీస్తున్న ఈ కాలంలో ఆ సంగతి తేల్చుకోవడం అవసరం.

ఆమె అసలు పేరు కడియాల శకుంతల. 1951 జూన్ 9న మహారాష్ట్రలో పుట్టారు. ఇంటి భాష మరాఠీ. నాటకరంగం నుంచి సినిమాకు వచ్చారు. ఆ రావడం కూడా మామూలు సినిమాతో కాదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' ఆమె తొలి చిత్రం. 1979లో తయారై 1980 మార్చిలో విడుదలైన ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు బెంగాలీ, మూలకథ ఉర్దూ, నటి మరాఠీ. తెరమీద నిలిచింది మాత్రం నిఖార్సైన తెలంగాణ పల్లె. గద్దర్ భుజాన గొంగడి వేసుకుని పాడిన పాటను జనం తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. అయితే ఆ సినిమా చేసిన ఇంకో పెద్ద పని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. అందులో రైతు, వెట్టివాడు, ఆడకూతురు, దొర అందరూ ఆ నేల మాటే మాట్లాడారు. చూసేవాడికి అది వింతగా తోచే సందే లేదు. నవ్వాలన్నా ఏడవాలన్నా ఆ మాటల అర్థానికే నవ్వాలి, ఆ అర్థానికే ఏడవాలి. పలుకుబడిని చూసి నవ్వే చోటు ఆ కథలో లేదు. శకుంతల నటజీవితం అలాంటి చోట మొదలైంది. ఆమెకు ఆ తర్వాత ఏం దక్కిందో, ఏం దక్కలేదో కొలవడానికి ఇదే సరైన కొలత.

వ్యాపార సినిమా ఆమెను పెద్దయెత్తున పట్టుకున్నది చాలా ఏళ్ల తర్వాత. 2001లో తేజ తీసిన 'నువ్వు నేను'తో ఆమె ఇంటింటికీ తెలిశారు. 2003 సంక్రాంతి ఆమె జీవితంలో అరుదైన పండుగ. తెలుగులో 'ఒక్కడు', తమిళంలో 'ధూల్' కొద్ది రోజుల తేడాతో వచ్చాయి, రెండూ ఘన విజయాలే. 'ఒక్కడు'లో ఆమె ప్రతినాయకుడు ఓబుల్‌రెడ్డి తల్లి, మాట్లాడింది రాయలసీమ మాట. 'ధూల్'లో రౌడీ ముఠాను వేలి సైగతో నడిపే స్వర్ణక్క. విక్రమ్ లాంటి కథానాయకుడికి ఎదురుగా ఒక నడివయసు స్త్రీని ప్రధాన ప్రతినాయకిగా నిలబెట్టి, ఆమెను చూసి ప్రేక్షకుడు నిజంగా భయపడేలా చేయగలగడం ఏ భాషలోనైనా తేలిక కాదు. అదే ఏడాది ఆ కథ తెలుగులో 'వీడే'గా వస్తే అక్కడా ఆమే ఆ పాత్ర వేశారు. తెలంగాణ మాట, సీమ మాట, తమిళ తెర. ఇన్ని చోట్ల నెగ్గుకొచ్చిన నటిని ఒక్క యాసకు పుట్టుకతో అతుక్కుపోయిన మనిషిగా చూడటం ఆమె శ్రమను చిన్నబుచ్చడమే. ఓబుల్‌రెడ్డి తల్లిని మళ్లీ ఒకసారి జాగ్రత్తగా వినండి. కొడుకు మీద మమకారం, ఊరిమీద పెత్తనం, లోలోపల గుబులు, అన్నీ మాట విరుపులోనే తెలుస్తాయి. కనపడింది తక్కువ సేపే అయినా, ఆ ఇంటి చరిత్ర మనకు అర్థమయ్యేది ఆ తల్లి మాట వల్లే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. తెలంగాణ మాటంటే రౌడీలది, కోపిష్టి ఆడవాళ్లది, నవ్వు పుట్టించే పనివాళ్లది అన్న ముద్ర తెలుగు సినిమా ఏళ్ల తరబడి వేసింది. ఆ ముద్రను మోసిన నటుల్లో శకుంతల ముందు వరసలో ఉన్నారు. అలాంటప్పుడు ఆమెను మెచ్చుకోవడమంటే ఆ అవమానాన్ని మెచ్చుకోవడం కాదా? ఈ ప్రశ్న వేసేవాళ్ల బాధ నిజమైనది. జవాబు కోసం సూర్యకాంతం గారిని చూడాలి. కాకినాడ ప్రాంతం నుంచి వచ్చిన ఆమె దశాబ్దాల పాటు గయ్యాళి అత్తగా తెరనేలారు. ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకేవారని చెప్పుకునేంతగా ఆ పాత్రలు జనంలోకి వెళ్లాయి. అయినా కోస్తా మాట గయ్యాళి మాట అని ఎవరూ అనుకోలేదు. ఎందుకంటే ఆ సినిమాల్లో మంచి కోడలు, మెతక మామ, ప్రేమించే కొడుకు, న్యాయం చెప్పే పెద్దమనిషి అందరిదీ అదే మాట. గయ్యాళితనం ఆమె పాత్ర గుణంగా మిగిలింది, భాషకు అంటలేదు. శకుంతల సినిమాల్లో ఆమె ఒక్కరే అలా మాట్లాడేవారు, లేదా ఆమె పక్కనుండే ముఠా మాట్లాడేది. నాయిక, నాయకుడు, డాక్టరు, జడ్జి వేరే తెలుగు మాట్లాడేవారు. మచ్చ అక్కడ పడింది. ఆ ఏర్పాటు చేసింది శకుంతల కాదు. తనకిచ్చిన నాలుగు సన్నివేశాల్లో మనిషిని చూపించే ప్రయత్నమే ఆమె చేశారు.

ఆమె తెలంగాణ బిడ్డే కాదు, మరాఠీ ఆవిడ, ఆ పేరు ఎలా చెల్లుతుంది అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ ప్రశ్న వరంగల్ గడ్డమీద అడగదగినది కాదనిపిస్తుంది. తెలంగాణ భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజున జరుపుకొంటాం? కాళోజీ నారాయణరావు గారి తండ్రి మహారాష్ట్ర మూలాలవారు, తల్లి కన్నడిగురాలు. ఆయన పుట్టింది నేటి కర్ణాటకలో, బతికింది వరంగల్‌లో. జనం పలికే భాషకు ఆయనకంటే గట్టి వకీలు మనకు దొరకలేదు. మన రామప్ప గుడి శిల్పాలను, జాయప సేనాని గ్రంథాన్ని పట్టుకుని పేరిణిని తిరిగి నిలబెట్టిన నటరాజ రామకృష్ణ పుట్టింది ఇండోనేషియాలోని బాలి దీవిలో. 2017లో 'ఫిదా' వచ్చినప్పుడు బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి మాట్లాడిన తీరుకు తెలంగాణ మురిసింది. ఆమెదీ తమిళనాడు కొండప్రాంతం, ఆ మాటలు తన గొంతుతో తానే చెప్పుకున్నారు. భాష చెవితో మొదలై, నాలుకతో సాధన చేస్తే ఒంటికి పట్టే విద్య. రంగస్థలం మీద అది నేర్చిన శకుంతలకు ఆ పేరు కష్టార్జితం.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. తెలంగాణ స్త్రీ కథానాయికగా ఉన్న కథలు అసలు రాలేదా అంటే వచ్చాయి. 1997లో దాసరి నారాయణరావు 'ఒసేయ్ రాములమ్మ' తీశారు, రాష్ట్రమంతా ఊగిపోయింది. అందులో విజయశాంతి నటనను తక్కువ చేయడానికి లేదు. ఆమె కుటుంబ మూలాలు మన ఏటూరునాగారం వైపేనన్నది ములుగు వాళ్లకు ఇష్టమైన మాట కూడా. కానీ ఆ సినిమా నిలబడింది అప్పటికే 'ప్రతిఘటన', 'కర్తవ్యం' చేసి జాతీయ అవార్డు అందుకున్న తార మీద. మార్కెట్ లెక్కల్లో తార ఉంటేనే ఆ కథకు డబ్బు పుట్టింది. యాభై దాటిన, తారాబలం లేని, మాటతోనే నిలబడే నటి మీద పూర్తి సినిమా రాయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకపోవడానికి ఆమె ప్రతిభ అడ్డం కాలేదు. ఆమె ఏ కథకూ, ఏ సంస్థకూ యజమాని కాదు, ఎవరో పిలిస్తే వెళ్లి చేసి వచ్చే నటి. ఆ సంగతే అడ్డమైంది.

ఇది మన ఒక్కరి కథే కాదని చెప్పడానికి చాలా దూరం, పశ్చిమాఫ్రికా దాకా వెళ్లొద్దాం. నైజీరియా నైరుతి భాగంలో కోట్లమంది మాట్లాడే భాష యొరుబా. ఆ భాష సినిమా పుట్టింది ఊరూరా తిరిగే నాటక సమాజాల్లోంచి. 1940లలో హ్యూబర్ట్ ఒగుండె పెట్టిన సమాజం అందులో ఆద్యం. ఆడవాళ్లు వేషం కట్టడాన్ని లోకం తప్పుగా చూసే రోజుల్లో, నటీమణులు సమాజం విడిచిపోకుండా ఉండటానికి ఆయన వారిలో చాలామందిని పెళ్లే చేసుకున్నాడు. అది మనకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. కానీ నాటకం కుటుంబంగా మారితేనే స్త్రీ రంగస్థలంపై నిలవగలిగిందన్న నిజం మనకూ కొత్తది కాదు. 1885లో మొదలైన మన సురభి సమాజాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేయగలిగింది అవి కుటుంబ సమాజాలు కాబట్టే. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించింది సురభి కమలాబాయి. అటు ఒగుండె కూడా 1979 నాటికి 'అయే'తో తన నాటక సమాజాన్ని తెరమీదకు తెచ్చాడు, మనకు 'మా భూమి' తయారైన ఏడాదే. ఇద్దరి ప్రయాణం అక్కడిదాకా పక్కపక్కనే సాగింది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. మన సినిమాకు పెట్టుబడి పెరిగింది, తారల లెక్క పెరిగింది. 1980లలో నైజీరియా డబ్బు విలువ పడిపోయి ఫిల్ము కొనడమే భారమైతే, అక్కడి నాటకం వాళ్లు వీడియో కెమెరాలు పట్టుకున్నారు. క్యాసెట్లుగా అమ్ముకున్నారు. లేమిలోంచి వచ్చిన ఆ పద్ధతి వల్ల, నటించేవాళ్లే నిర్మాతలు కావడం అక్కడ మామూలు విషయమైపోయింది.

అలా తయారైన నేలలోంచి వచ్చిన నటి ఫున్కె అకిండేలే. 1977లో లేగోస్ రాష్ట్రంలోని ఇకోరొడులో పుట్టారు. 1998లో మొదలైన ఒక టీవీ ధారావాహికతో జనానికి తెలిశారు. 2008లో 'జెనిఫా' అనే సినిమా తానే రాసుకుని, నిర్మించుకుని, నటించారు. పల్లెటూరి పిల్ల సులియాత్ నగరంలో చదువుకోడానికి వెళ్లి జెనిఫాగా పేరు మార్చుకుంటుంది. యొరుబా నాలుకమీద ఇంగ్లిష్ మాటలు నిలవక దొర్లిపోతుంటాయి. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ కథ మొత్తం ఆ పిల్లది. ఆమె ఆశ, సిగ్గు, మోసపోవడం, దెబ్బతినడం అన్నీ ఆ మాటల్లోనే నడుస్తాయి కనుక నవ్వినవాళ్లే ఆమెవైపు నిలబడతారు. ఆ పాత్రకు మరుసటి ఏడాది ఆఫ్రికా మూవీ అకాడమీ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆ పాత్రే తర్వాత ఏళ్ల తరబడి సాగిన ధారావాహిక అయింది. 2023 డిసెంబరులో విడుదలైన ఆమె సినిమా 'ఎ ట్రైబ్ కాల్డ్ జుడా' నైజీరియా థియేటర్లలో వంద కోట్ల నైరాలు దాటిన తొలి స్వదేశీ చిత్రం. శకుంతల యాసకూ జనం నవ్వారు, జెనిఫా యాసకూ జనం నవ్వారు. తేడా అంతా ఆ నవ్వును ఎటు తిప్పాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న దగ్గరే వచ్చింది. అకిండేలేకు ఆ అధికారం ఉంది. శకుంతలకు లేదు.

ఈ పోలిక న్యాయమైనది కాదని ఒకరు అనొచ్చు. తెలుగు సినిమా ఖర్చు వేరు, పంపిణీ వేరు, ఇక్కడ నటి నిర్మాత కావాలంటే ఆస్తులు తాకట్టు పెట్టాల్సిందే అంటారు. నిజమే, సావిత్రి గారి చివరి రోజులు మనకు తెలియనివి కావు. కానీ వీడియో క్యాసెట్టు నైజీరియాకు ఇచ్చిన వెసులుబాటు సెల్‌ఫోను మనకు ఎప్పుడో ఇచ్చేసింది. రుజువు జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ఉంది. 'మై విలేజ్ షో' అని ఊరి కుర్రాళ్లు యూట్యూబ్ కోసం తీసిన చిన్న చిన్న కథల్లో కూలిపనులు చేసుకునే గంగవ్వ నటించింది. పెద్దగా చదువుకోని, యాభై దాటిన ఆ మనిషి లక్షలమందికి ఇంటి మనిషైపోయింది. ఊరివాళ్లే కథ రాసి, ఊరివాళ్లే కెమెరా పట్టుకుంటే ముసలి తెలంగాణ స్త్రీ కథకు నడుమ నిలబడగలదని అక్కడ తేలింది. అదే గంగవ్వను పెద్ద సినిమాలు పిలిచి ఏమిచ్చాయి? ఒకటి రెండు సన్నివేశాలు. శకుంతలకు జరిగిందే గంగవ్వకూ జరుగుతోంది. గంగవ్వ నటన ఈలోగా మారలేదు, కథకు యజమాని మారాడు.

ఇప్పుడు కాలం మారింది, 'బలగం' వచ్చింది, 'దసరా' వచ్చింది, తెలంగాణ మాట హీరోల నోట పలుకుతోంది, ఇంకా ఈ గోల ఎందుకు అని అడగొచ్చు. మార్పు వచ్చింది, సంతోషించాల్సిందే. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' నా వాదనకే బలం. చిన్న ఖర్చుతో సిరిసిల్ల వేణు తీసిన ఆ సినిమాలో నల్లి బొక్క కాడ మొదలైన పంచాయితీ ఇరవై ఏళ్లు రెండు కుటుంబాలను విడదీస్తుంది. అందులో అలిగేవాళ్లు, తిట్టేవాళ్లు, పట్టుదలకు పోయేవాళ్లు, తప్పు తెలుసుకుని ఏడ్చేవాళ్లు అందరూ ఒకే మాట మాట్లాడతారు. అందుకే ఏ ఒక్కరి తిట్టూ తెలంగాణకు మచ్చ కాలేదు. ఊళ్లల్లో తెరలు కట్టి చూశారు. చివర్లో దుగ్గొండి ప్రాంతం కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చావు ఇంట చెప్పిన కథ వింటూ కళ్లు తుడుచుకోనివాళ్లు అరుదు. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయారు. కొమురమ్మను మనం గాయనిగా గుర్తుపెట్టుకున్నాం. ఆమె చేసింది నటన కాదా? నేలమీద కూర్చుని, ముఖంతో, చేత్తో, గొంతుతో ఒక కుటుంబాన్ని కలిపిన ఆ కొద్ది నిమిషాలు నటన కాకపోతే ఇంకేది నటన? శకుంతల స్వర్ణక్కగా కనిపించిన 'ధూల్'లోనే మధురై దగ్గరి జానపద గాయని పరవై మునియమ్మ పాట పాడి తెరమీదకు వచ్చింది. ఆ తర్వాత తమిళ సినిమా ఆమెకు వరసగా పాత్రలిచ్చింది, అవ్వగా, తల్లిగా, అత్తగా. కొమురమ్మకు మన సినిమా రాసిన రెండో పాత్ర ఏది? నాయికల సంగతి కూడా అంతే. వరంగల్ పిల్ల ఆనంది 2012లో తెలుగులోనే మొదలుపెట్టి, నటిగా పేరు తెచ్చుకోవడానికి తమిళానికి వెళ్లింది. 'కయల్', 'పరియేరుం పెరుమాళ్' ఆమెను తమిళుల ఇంటి పిల్లను చేశాయి. నాయికలు ఎక్కడివారైనా రావచ్చు, సాయిపల్లవి ఆ సంగతి రుజువు చేసింది. ఇక్కడి పిల్లలకు ఇక్కడ తలుపు మూసి ఉండటమే కష్టంగా ఉంది.

ఇంకో సంగతి సినిమావాళ్లకు పట్టదు, మనకు పట్టాలి. తెలంగాణ మాట ఒక్కటే కాదు. నల్లగొండ విరుపు వేరు, ఆదిలాబాద్ సాగదీత వేరు, గోదావరి ఒడ్డున మంగపేట, వెంకటాపురం వైపు పలికే తీరు వేరు. శకుంతల కాలంలో తెర మీద ఉన్నది అన్నింటినీ కలగలిపిన ఒక తయారీ యాస, ఈనాటికీ చాలా సినిమాల్లో అదే ఉంది. ములుగు అడవుల్లో కోయ భాష ఉంది, అందులో కథలు చెప్పే ఆనవాయితీ ఉంది. సమ్మక్క, సారలమ్మల కథను డోలి కొట్టి పాడిన మణుగూరు వైపు కళాకారుడు సకిన రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షోపలక్షలు వచ్చేది రాజ్యంతో తలపడిన తల్లీకూతుళ్లను కొలవడానికి. ఆడవాళ్లు కేంద్రంగా ఉన్న వీరగాథను ఇంతమంది నమ్మే నేలమీద, అలాంటి స్త్రీ పాత్రలు వేయగల నటులను తయారుచేసే బడి ఒక్కటీ లేదు. అలాంటి బడి లేనందువల్లే ప్రతి తరంలోనూ ఒక శకుంతల, ఒక గంగవ్వ, ఒక కొమురమ్మ అనుకోకుండా బయటపడుతున్నారు, అంతే అనుకోకుండా మరుగున పడుతున్నారు.

ఆ బడికి ఇప్పుడు చోటు దొరికింది. సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ములుగు దగ్గర జాకారంలో తాత్కాలిక భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడున్న కోర్సుల పక్కన రంగస్థల, చలనచిత్ర కళల విభాగం ఒకటి పెట్టాలి. అందులో కోయ, లంబాడ, తెలంగాణ పలుకుబళ్లలో కథ రాయడం, నటించడం, సొంతంగా తీసి అమ్ముకోవడం నేర్పాలి. కొమురమ్మ లాంటివాళ్లను వేదికమీద శాలువా కప్పి పంపేయకుండా, జీతమిచ్చి గురువులుగా పిలవాలి. మొదటి ఏడాది నుంచే ఆడపిల్లలకు సగం సీట్లు ఉండాలి. ఆ విభాగానికి తెలంగాణ శకుంతల పేరు పెట్టాలి. ములుగు, భూపాలపల్లి, వరంగల్ ప్రజాప్రతినిధులు, రచయితలు, ఉపాధ్యాయులు ఈ కోరికను విశ్వవిద్యాలయం ముందు, కేంద్ర విద్యాశాఖ ముందు ఉంచాలని కోరుతున్నాం. విశ్వవిద్యాలయం శాశ్వత భవనాలు లేచేలోపే ఈ మాట అక్కడికి చేరాలి.